బండ్లిచ్చే విభాగం

నిప్పురవ్వ ఎగిరి తెల్లచొక్కా మీద పడింది. ఇస్త్రీ అక్క అరచేత్తో ఠపీమని కొట్టింది గానీ, ఆలోపే జేబు కింద మిరియపు గింజంత చిల్లు పడనే పడింది. చుట్టూ గోధుమరంగు మరక. ఆమె బొగ్గుల పెట్టెను ఇటుక మీద నిలబెట్టి, చొక్కాను వెలుగులోకి ఎత్తి చూసింది. చిల్లులోంచి రోడ్డు కనిపించింది.

"అయిపోయింది," అనుకుంది పైకే.

మిట్టమధ్యాహ్నం. నాలుగంతస్తుల మేడకి మెట్లకింద, ఒక మంచం పట్టేంత చోటులో ఆమె బల్ల. మామూలుగా అక్కడ గాలి ఆడదు. ఆడిన రోజున నేరుగా పెట్టె కన్నాల్లో దూరి, నిప్పులు రేపి, రవ్వలు చిమ్మించి పోతుంది. ఈ ఏడు ఎండాకాలం పిలవని చుట్టంలా ముందే వచ్చి కూర్చుంది. బల్లమీది దుప్పటి వేడి, పెట్టె వేడి, నెత్తిమీద మెట్ల సిమెంటు వేడి. చెమట కనుబొమ్మల దగ్గర ఆగకుండా కళ్ళలోకి దిగుతోంది. ఆ చొక్కా రెండో అంతస్తు బ్యాంకాయనది. సాయంత్రం ఏదో సభకి వేసుకోవాలని పొద్దున రెండుసార్లు కిందికి దిగి మరీ చెప్పాడు. బట్టకి పది తీసుకునే మనిషి అలాంటి చొక్కా కొనివ్వాలంటే వారం రోజులు ఉత్తినే చెయ్యాలి.

సరిగ్గా అప్పుడే, "అక్కా, ఒక్క రెండు నిమిషాలు," అన్నారెవరో.

కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, వీపున సంచి. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. పొద్దున్నుంచి ఎన్ని తలుపులు కొట్టిందో, అందులో ఎన్ని మొహాన పడ్డాయో.

"ఇస్త్రీకా?"

"కాదక్కా, సర్వే. వాతావరణ మార్పు మీద ప్రజాభిప్రాయం తీసుకుంటున్నాం. వాతావరణం మారిపోవడం గురించి మీకు ఎంత ఆందోళన ఉంది? చాలా ఉంది, కొంత ఉంది, అసలు లేదు. ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

ఇస్త్రీ అక్క చొక్కాను ఆ అమ్మాయి మొహం ముందు చాపి పట్టుకుంది. "ఇదిగో చిల్లు. పొద్దుగూకేలోపు దీని ఆసామి వస్తాడు. నాకెంత ఆందోళన ఉంటుందో నువ్వే రాసుకో తల్లీ."

అమ్మాయి చిల్లులోంచి చూసి నవ్వబోయి, ఆపుకుంది. "చాలా ఉంది అని పెడతాను."

"పెట్టు."

"బొగ్గు వాడకం తగ్గాలని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకేం? పొద్దున్నే దీన్ని రాజేస్తే రాత్రికి ఉమ్మి కూడా నల్లగానే పడుతుంది."

"సూర్యుడి వెలుగుతో వచ్చే కరెంటుతో నడిచే పెట్టె వస్తే వాడతారా?"

ఇస్త్రీ అక్క ఆమె సంచి వైపు చూసింది. "తెచ్చావా?"

"లేదక్కా. వస్తే."

"ఆకలితో ఉన్నవాణ్ణి పట్టుకుని, అన్నం పెడితే తింటావా అని అడిగినట్టుంది నీ వరస. తెచ్చి ఇక్కడ పెట్టు, అప్పుడు అడుగు."

అమ్మాయి వేలితో ఎక్కడో నొక్కి, ఒక్క క్షణం తటపటాయించింది. "మామూలు కరెంటు పెట్టె అయినా ఎందుకు పెట్టుకోలేదక్కా?"

"అది కూడా నీ ప్రశ్నల్లో ఉందా?"

"లేదు. నాకే తెలుసుకోవాలనిపించి."

ఇస్త్రీ అక్క కొంచెం మెత్తబడింది. కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి ఇచ్చి, చెప్పింది. మెట్లకింది చోటుకి ఇంటి నంబరు ఉండదు. నంబరు లేనిచోటికి కరెంటు ఆఫీసువాళ్ళు మీటరు ఇవ్వరు. మెట్ల దీపానికి ఉన్న మీటరు నుంచి ఒక వైరు లాక్కుంటాను, ఎంతైతే అంత కడతానని మూడో అంతస్తు మాస్టారుని అడిగింది. ఆయనే ఆ మేడ సంఘానికి పెద్ద. వైరు వేలాడితే మేడ అందం పోతుందన్నాడు.

"ఆయన్నీ అడిగానక్కా ఇందాకే," అంది అమ్మాయి నీళ్ళు తాగి. "అరగంట మాట్లాడారు. ఈ దేశంలో జనానికి పర్యావరణం మీద స్పృహ లేదని బాధపడ్డారు."

బ్యాంకాయన సాయంత్రం వచ్చి, తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరేలే, ఈ నెలంతా మా ఇంటి బట్టలు ఊరికే చేసిపెట్టు," అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆమెకు డబ్బు పోయిందన్న దిగులు ఒకటైతే, దాని వెనకాల ఇంకోటి ఉంది. పాతకాలపు ఇనప పెట్టె. నిప్పులు నింపితే చంటిపిల్లంత బరువు. రోజూ పొద్దుపోయేదాకా దాన్ని ముందుకీ వెనక్కీ తొయ్యాలి. అత్త నలభై ఏళ్ళు దాన్నే తోసింది. ఇప్పుడామె కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారి ఉంటుంది. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటుంది. కోడలి భుజంలో కూడా చలికాలం నుంచి ఏదో పట్టేసినట్టుంది. పెద్దాసుపత్రి డాక్టరు నొక్కి చూసి, బరువెత్తడం మానెయ్ అన్నాడు. "మానేసి?" అని అడిగింది. ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

నెల తిరక్కుండా కళ్ళజోడు అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి నడిచి కాదు, వ్యాన్లో. వెనక ఇద్దరు మోతగాళ్ళు, ఒక ఫొటోగ్రాఫరు. వాళ్ళు దింపినదాన్ని చూసి ఇస్త్రీ అక్క చేతిలో బట్ట చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది.

నాలుగు చక్రాల బండి. పైకప్పుగా నల్లటి అద్దంలాంటి పలక, కింద అరలో బ్యాటరీ, నడుమెత్తున మెత్తటి పరుపు వేసిన బల్ల. దానిమీద తెల్లటి చిన్న ఇస్త్రీ పెట్టె.

"చేసి చూడండక్కా. ఫొటోలు తీసుకుంటాం."

ఆమె పెట్టెను ఎత్తింది. అలవాటైన బలంతో ఎత్తేసరికి చెయ్యి భుజం దాకా లేచిపోయింది. మోతగాళ్ళు నవ్వారు. తనూ నవ్వింది. మొదటి చొక్కాకి కాలర్ దగ్గర రెండుసార్లు తడబడింది, బరువు కోసం చెయ్యి వెతుక్కుంది. రెండోదానికి దారిన పడింది. మూడోది పూర్తయ్యేసరికి తెలిసింది: ఊదక్కర్లేదు, బూడిద దులపక్కర్లేదు, గాలి వస్తే మూటకి అడ్డం నిలబడక్కర్లేదు. ఆ మధ్యాహ్నం గాలి వచ్చింది కూడా. వచ్చి, ఆమె మెడ మీది చెమట ఆరబెట్టి వెళ్ళిపోయింది. ఫొటోగ్రాఫరు నవ్వమని చెప్పాల్సిన పనే లేకపోయింది.

"ఎలా ఉందక్కా?" అని అడిగింది అమ్మాయి.

ఇస్త్రీ అక్క కుడిభుజం నిమురుకుంది. "ఇలాంటిది ఉంటే నా చెయ్యి నాకు మిగులుతుంది," అంది.

ఆ మాట అమ్మాయి వెంటనే రాసుకుంది.

మూడు మూటలు అయ్యాయి. నాలుగోది విప్పుతుండగా మోతగాళ్ళు వచ్చి బండికి చెరోవైపు పట్టుకున్నారు.

"అదేంటి? ఎక్కడికి?"

"ఇది నమూనా అక్కా," అంది అమ్మాయి, ఎటో చూస్తూ. "ప్రస్తుతానికి ఊరు మొత్తానికి ఇదొక్కటే. బండ్లు వచ్చినప్పుడు మొదటి పేరు మీదే. నేనే రాయించాను."

ఆ రాత్రి విషయం విని అత్త పకపకా నవ్వింది, నవ్వుతూ దగ్గింది. "అరచేతిలో వైకుంఠం చూపించి, చెయ్యి ముడుచుకుని పోయారన్నమాట."

"పేరు రాశారంట అత్తా."

"రాస్తారే, రాయకేం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం."

ఇంకో నెలకి, ఇచ్చిరావాల్సిన మూట ఇవ్వకుండానే సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు ఆమె మొగుడు. బట్టలు ఇళ్ళకి చేర్చడం అతని పని. మాట తక్కువ మనిషి. ఆరోజు మాత్రం సైకిలు ఆపకముందే అరిచాడు.

"నాలుగురోడ్ల కూడలిలో నీ బొమ్మే! మేడంత ఉంది నీ మొహం! రా, చూద్దువుగాని."

చూడ్డానికి అంతదూరం పోనక్కర్లేదు. రోడ్డు మధ్యకి వచ్చి నిలబడితే కనిపిస్తోంది. నీలాకాశం, కింద తెల్లటి పెట్టె పట్టుకుని నవ్వుతున్న తను. నవ్వు తనదే. పళ్ళు కొంచెం తెల్లగా చేశారు. పక్కన మనిషెత్తు అక్షరాలు. ఆమె కూడబలుక్కుని చదివింది.

బొగ్గు మానేశాను. భూమికి ఊపిరిచ్చాను. మరి మీరు?

"ఈ మాట నేనెప్పుడన్నాను?"

"అనకపోతేనేం," అన్నాడు మొగుడు. "బావుందిగా."

"నా చెయ్యి నాకు మిగులుతుందన్నాను. అదేది?" బోర్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికింది. మూలన చిన్న అక్షరాల్లో ఏదో ఉంది గానీ, అది సర్వే చేయించిన సంస్థ పేరట.

వచ్చి మళ్ళీ బల్ల ముందు నిలబడింది. నిప్పులు చల్లారుతున్నాయి. పెట్టె మూత తీసి ఊదింది. పొగ మెట్ల కిందనుంచి రోడ్డు మీదికి పాకింది.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. మొదటి వారం అందరూ వచ్చి చూసి పోయారు. రెండో వారం నుంచి మాటలు మొదలయ్యాయి.

మూడో అంతస్తు మాస్టారు తెల్లటి దుస్తుల్లో కిందికి దిగి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెడ్డమనిషి కాదు. పేపర్లకి ఉత్తరాలు రాస్తాడు, ప్లాస్టిక్ సంచి ముట్టడు.

"ఇదేం నిజాయితీ అమ్మా? బోర్డు మీద అలా, మెట్లకింద ఇలా?"

"ఆ మాట నేనన్లేదు మాస్టారూ. వాళ్ళే రాసుకున్నారు."

"బొమ్మ నీదేగా? నువ్విప్పుడు సమాజానికి ఆదర్శం. ఆదర్శం అనేది పొగ పెట్టకూడదు."

"ఆ వైరు ఇప్పించండి. రేపే మానేస్తాను."

మాస్టారు చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది సంఘంలో చర్చించాల్సిన విషయం. అందరి అభిప్రాయం తీసుకోవాలి." మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "ఏమైనా నీ బోర్డు చాలా బావుంది," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ నెల్లో రెండిళ్ళవాళ్ళు బట్టలివ్వడం మానేశారు. అబద్ధాలాడే మనిషికి బట్టలెలా ఇస్తామన్నారట పనిమనిషితో.

బొగ్గులు అయిపోతే కొట్టుకి వెళ్ళింది. బొగ్గుల కొట్టు ముసలాయన ఆమె చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. మామా అని పిలుస్తుంది. వానాకాలం తడిబొగ్గు అంటగట్టని ఒకే ఒక్క మనిషి. ఆరోజు ఆమెను చూసి, తక్కెడ దగ్గర్నుంచి లేవలేదు.

"భూమికి ఊపిరిచ్చినదానివి. నా బొగ్గెందుకు పిల్లా?"

"నువ్వు కూడానా మామా? నాకు బండి ఇవ్వలేదు. బొమ్మ తీసుకుని పోయారు."

"ఇవ్వకపోతే ఇవ్వకపోయారు. ఇస్తే తీసుకుంటావుగా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "తీసుకుంటాను."

ముసలాయన నల్లటి అరచేతులు చూసుకున్నాడు. "తీసుకో. తీసుకోవద్దనను. నీ అత్త చెయ్యి నేను చూళ్ళేదా? కానీ ఇంతమందిని అడిగారే, చాలా ఆందోళనా, కొంత ఆందోళనా అని. వీధి ఆ చివర నుంచి అడుగుతూ వచ్చి, నా కొట్టు దాటి అవతలికి పోయారు. బొగ్గుల వాడిదేం అభిప్రాయంలే అనుకున్నారు. రేపు ఈ కొట్టు మూస్తే నాకు ఏ బండి ఇస్తారో ఎవడైనా చెప్పాడా?"

ముసలాయన చివరికి బస్తా కట్టి ఇచ్చాడు. ఎప్పుడూ గుప్పెడు ఎక్కువ వేసేవాడు, ఈసారి వెయ్యలేదు.

అన్నిటికన్నా పక్కవీధి వదిన వచ్చిన సాయంత్రమే కష్టమనిపించింది. వదిన కూడా ఇస్త్రీ మనిషే, గోడవార గొడుగు కట్టుకుని చేస్తుంది. వచ్చి, ఇటూ అటూ చూసి, బల్ల వెనక వేలాడదీసిన గోనెపట్టా ఎత్తి చూసింది. బొగ్గుల బస్తా, బూడిద తట్ట.

"ఏం వెతుకుతున్నావు వదినా?"

"బండి. దాచి పెట్టావని అంటున్నారందరూ."

"దాస్తే ఇక్కడెక్కడ పడుతుంది వదినా? నాకే చోటు లేదు."

వదిన బస్తా మీద కూలబడింది. కోపానికి వచ్చిన మనిషి మొహం కాదది. "నిజంగానే లేదన్నమాట. ఉంటే బాగుణ్ణు. నీకు పని లేనప్పుడు నేనొక గంట వాడుకుందామని అడగడానికొచ్చాను."

మర్నాడు ఇస్త్రీ అక్క బల్ల మీద పట్టా కప్పేసి, మొగుణ్ణి తీసుకుని ఆ సంస్థ ఆఫీసుకి వెళ్ళింది. ఎండలో రెండు బస్సులు మారి వెళ్ళిన మనిషికి లోపలి చల్లదనం తగలగానే వణుకు పుట్టింది. గోడలనిండా బొమ్మలు. గాలిమరలు, చెట్లు, నవ్వుతున్న మనుషులు. అందరికన్నా పెద్దగా తను. అక్కడి గుమస్తాలు ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. ఒకాయన సెల్‌ఫోనుతో పక్కన నిలబడి ఫొటో కూడా తీసుకున్నాడు.

పెద్దసారు మంచినీళ్ళు తెప్పించాడు. కుర్చీ తనే జరిపాడు.

"మీరు రావడం చాలా సంతోషం అమ్మా. మీకు తెలుసా, ఆ బోర్డు పెట్టకముందు స్వచ్ఛమైన కరెంటు కావాలన్నవాళ్ళు ఈ ఊళ్ళో వందకి నలభై ఎనిమిది. మొన్న మళ్ళీ అడిగించాం. అరవై ఒకటి! అంతా మీ మొహం చలవే."

"సంతోషం బాబూ," అంది ఇస్త్రీ అక్క. "మరి బండి?"

"బండి..." పెద్దసారు వెనక్కి వాలాడు. "మాది జనం అభిప్రాయం మార్చే విభాగం అమ్మా. బండ్లిచ్చే విభాగం వేరు."

"అదెక్కడుందో చెప్పండి. పోయి అడుగుతాం."

"అది ఇంకా మొదలవలేదు. నిధులు రావాలి. జనంలో కోరిక గట్టిగా ఉందని కనపడితేనే నిధులొస్తాయి."

"కనపడిందన్నారుగా. అరవయ్యో ఎంతో."

"ఇంకా పెరగాలి. డెబ్భై దాటితే చూద్దామన్నారు పైవాళ్ళు."

మొగుడు అంతసేపూ తువ్వాలు చేతుల్లో నలుపుతూ కూర్చున్నవాడు, మొదటిసారి నోరు విప్పాడు. "అయ్యా, అంతదాకా ఆ బోర్డన్నా తీసెయ్యండి. మా బేరం పోతోంది."

"ఆరు నెలలకి అద్దె కట్టేశామయ్యా."

"పోనీ, అక్షరాలు మార్చండి," అంది ఇస్త్రీ అక్క. "మానేశాను అని కాదు, మానెయ్యాలనుంది అని రాయండి. అది నిజం."

పెద్దసారు నిజంగానే ఆలోచించాడు. "అలా రాస్తే బలం ఉండదమ్మా. జనం ఫలానా మనిషి మారింది అంటేనే కదులుతారు. మా కష్టమంతా వాళ్ళ మనసు మార్చడం కోసమే."

"నా మనసు మీరు రాకముందే మారింది బాబూ. నా అత్తకైతే నలభై ఏళ్ళ కిందటే మారింది. మారనిది పెట్టె ఒక్కటే."

ఆయన తల ఊపాడు, బావుందన్నట్టు. బల్లమీది కాగితం మీద ఆ మాట రాసుకున్నాడు. ఆయన కలం కదులుతుంటే ఇస్త్రీ అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ చల్లటి గదిలో చెమట పట్టింది.

బయటికొచ్చాక కళ్ళజోడు అమ్మాయి మెట్ల దాకా వెంట వచ్చింది. "ఆ అక్షరాలు నేను రాయలేదక్కా. నేను మీ మాటే ఇచ్చాను. పైన మార్చేశారు."

"నువ్వు వాళ్ళకి చెప్పొచ్చుగా?"

"చెప్తే నా పని ఉండదు. నేను కూడా ఆ బండి లాంటిదాన్నే అక్కా. మూడేసి నెలల కాంట్రాక్టు, నేనూ నమూనానే."

కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక ఇస్త్రీ అక్క ఆ అమ్మాయి భుజం తట్టి బస్సెక్కింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని దారంతా మొగుడు గొణుగుతూనే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఆరోజు పని గల్లంతే.

ఎండలు ముదిరాయి. ఆమె కుడిచెయ్యి ఇప్పుడు తల దాకా లేవడం లేదు. జుట్టు అత్త దువ్విపెడుతోంది, ఎడమచేత్తో.

అప్పుడొచ్చింది కబురు. కళ్ళజోడు అమ్మాయే తెచ్చింది. ఈ ప్రచారానికి డబ్బిచ్చే పెద్దవాళ్ళు వేరే దేశం నుంచి వస్తున్నారు. బోర్డు మీది మనిషిని, ఆమె పనిచేసే చోటుని చూడాలంటున్నారు. "రేపు పొద్దున బండి తెస్తామక్కా. ఒక్క గంట. వాళ్ళు మెచ్చుకుంటే నిధులొస్తాయి. నా పని కూడా నిలబడుతుంది."

ఇస్త్రీ అక్క అత్త వైపు చూసింది. అత్త అంది: "రానియ్యవే. గంటసేపన్నా నీ భుజం ఊపిరి పీల్చుకుంటుంది."

పొద్దున్నే వ్యాను వచ్చింది. మోతగాళ్ళు బండి దింపి, బల్లని, బొగ్గుల పెట్టెని, బస్తాని గోనెపట్టా వెనక్కి నెట్టేశారు. నేలమీది బూడిద కడిగేశారు. మాస్టారు పైనుంచి చూసి, కిందికొచ్చి, అతిథుల కోసం కుర్చీలు తెప్పించాడు. తొమ్మిదింటికల్లా రెండు కార్లు ఆగాయి. దిగినవాళ్ళు మర్యాదస్తులు. నవ్వారు, చేతులు కలిపారు, పైపలకని తట్టి చూశారు. వాళ్ళలో ఒక పెద్దావిడ తన భాషలో ఏదో అడిగింది.

"మీ జీవితం ఎలా మారింది అంటున్నారక్కా," అంది అమ్మాయి. ఆమె కళ్ళు బతిమాలుతున్నాయి.

ఇస్త్రీ అక్క పెట్టె మీదినుంచి చెయ్యి తియ్యకుండా అంది: "ఇప్పుడు చెయ్యి తేలిగ్గా ఉంది."

అమ్మాయి దాన్ని వాళ్ళ భాషలోకి మార్చింది. ఇక్కడ నాలుగు మాటలు అక్కడ చాలాసేపు సాగాయి. పెద్దావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. కాసేపటికి కార్లు వెళ్ళిపోయాయి. పెద్దసారు కూడా వాళ్ళతోనే వెళ్ళాడు.

మోతగాళ్ళు నీడలోంచి లేచారు. వ్యాను డ్రైవరు వెనక తలుపు తెరిచి, ఇంజను వేశాడు.

ఇస్త్రీ అక్క చేస్తున్న ప్యాంటు మడిచి పక్కన పెట్టింది. కొత్త మూట ముడి విప్పింది.

"అక్కా," అంది అమ్మాయి. "అయిపోయిందక్కా."

"ఈ మూట కానియ్."

మూట అయింది. మోతగాడు ముందుకొచ్చాడు. ఆమె వంగి, కిందినుంచి ఇంకో మూట ఎడమచేత్తో లాగి బల్ల మీదికెత్తింది. తలెత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. చొక్కా పరిచింది, నీళ్ళు చిలకరించింది, పెట్టె ఆనించింది. తెల్లటి ఆవిరి లేచింది.

మొగుడు సైకిలు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. "ఏంటిది? వాళ్ళ వస్తువది. గొడవైపోతుంది."

"గొడవేముంది? పని చేసుకుంటున్నాను. నువ్వు ఈ మూట తీసుకెళ్ళి నాలుగో అంతస్తులో ఇచ్చిరా."

అతను ఒక్క నిమిషం ఆమెను చూశాడు. తర్వాత మూట భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

వీధిలో జనం ఆగి చూస్తున్నారు. మాస్టారు కుర్చీలోంచి లేచి, "తప్పమ్మా, ఇది పద్ధతి కాదు, అంతా బాగా జరిగిన రోజున," అంటున్నాడు. ఎవరో కబురు పెట్టినట్టున్నారు, పక్కవీధి వదిన తన మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. బండిని, వ్యానుని, మోతగాళ్ళని చూసింది. మూట దించి, బండి చక్రం పక్కన పెట్టి, దానిమీద కూర్చుంది.

అమ్మాయి చేతిలో ఫోను మోగింది. ఎత్తి వింది. ఫోను చెవి నుంచి తీసి, అరచేత్తో మూసి పట్టుకుంది. "పెద్దసారు. బండి ఎక్కించారా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారక్కా?"

బండి వెళ్ళకపోతే అమ్మాయి ఉద్యోగం ఊడుతుందని ఇద్దరికీ తెలుసు. ఇస్త్రీ అక్క పెట్టె ఆపి, ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. కందిపోయిన మొహం, మొదటిరోజు లాగే.

"నీమీదకి రానియ్యకు తల్లీ. ఆమె ఇవ్వనంది అని చెప్పు."

అమ్మాయి ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. వదిన వైపు ఒకసారి చూసింది. తర్వాత చిన్నగా, "ఇవ్వనంటున్నారు సార్," అంది. అవతలి గొంతు వీధికంతా వినిపించింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. మోతగాళ్ళలో పెద్దవాడు విసుగ్గా వచ్చి, బండి బల్ల అంచు పట్టుకున్నాడు. అతని వేళ్ళు ఆమె పరిచిన చొక్కా చివర మీద ఉన్నాయి. ఆమె పెట్టె చొక్కా వెంబడి జరుపుకుంటూ అటే వస్తోంది. మామూలు వేగం, రోజూ చేసే వేగం.

"చెయ్యి తియ్యి తమ్ముడూ," అంది. "కాలుతుంది."

అతను చెయ్యి తీశాడు. వెనకాల వ్యాను ఇంజను ఆడుతూనే ఉంది.